గూడ్సు బండిని చూసే కళ్లు తగ్గుతున్నాయి

సంపాదకులు గారికి,

అయ్యా,

గూడ్సు రైలు పట్టాలు తప్పినప్పుడు మన పత్రికల్లో వార్త దాదాపు ఒకే తీరుగా వస్తుంది. ఎన్ని వ్యాగన్లు పడ్డాయి, ఏయే రైళ్లు రద్దయ్యాయి, వేటిని దారి మళ్లించారు, రాకపోకలు ఎప్పటికి మొదలవుతాయి అన్న వివరాలు ఉంటాయి. ప్రయాణికులకు కావలసిన సమాచారమే కనుక దాన్ని నేను తప్పుపట్టడం లేదు. 2024 నవంబరు 12న పెద్దపల్లి జిల్లాలో రాఘవాపురం, రామగుండం మధ్య ఇనుము లోడుతో వెళ్తున్న గూడ్సులో 11 వ్యాగన్లు పట్టాలు తప్పి కాజీపేట–బల్లార్షా మార్గం స్తంభించినప్పుడు కూడా ఇదే జరిగింది. ఆ వ్యాగన్లు ఎందుకు పడ్డాయి, పడక ముందు వాటిని చివరిసారిగా ఎక్కడ, ఎంతసేపు పరీక్షించారు, పడ్డాక చీకట్లో వాటిని ఎత్తి పక్కకు తప్పించిన సిబ్బంది ఎలాంటి పరిస్థితుల్లో పనిచేశారు అన్న ప్రశ్నలు మాత్రం రెండో రోజుకే మరుగున పడిపోతాయి. రైల్వేలో బోగీలను, వ్యాగన్లను పరీక్షించి బాగుచేసే క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో ఉద్యోగం చేసి విరమించినవాడిగా ఆ ప్రశ్నల గురించే ఈ లేఖ రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గూడ్సు బండిని దగ్గర నుంచి చూసే కళ్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి. చూడకుండా వదిలిన లోపం తనంతట తాను మాయం కాదు. యార్డులో, వెలుతురులో, బండి నిలిచి ఉన్నప్పుడు బయటపడవలసినది అర్ధరాత్రి రెండు స్టేషన్ల మధ్య బయటపడుతుంది. అప్పుడు దానికి ఎదురుగా నిలబడేది ఒక అసిస్టెంట్ లోకో పైలటో, ఒక ట్రైన్ మేనేజరో (గార్డు), ఒక ట్రాక్‌మనో అయి ఉంటాడు. పరికరాల వైఫల్యాన్ని ఒక ఖాతాలో, ఉద్యోగుల మరణాలను మరొక ఖాతాలో రాసుకుంటున్నంత కాలం ఈ రెంటికీ ఉన్న సంబంధం ఎవరికీ కనిపించదు.

ముందుగా ఈ బండి ఎంతటిదో చెప్పాలి. బొగ్గు మోసే మామూలు గూడ్సులో 58 బాక్స్‌ఎన్ వ్యాగన్లు ఉన్నాయనుకుందాం. ఒక్కో వ్యాగన్‌కు నాలుగు యాక్సిళ్లు, ఎనిమిది చక్రాలు ఉంటాయి. అంటే మొత్తం 464 చక్రాలు, వాటికి అన్నే బేరింగులు, అన్నే బ్రేకు బ్లాకులు. లోడుతో ఒక్కో వ్యాగన్ బరువు 90 టన్నులు దాటుతుంది, బండి మొత్తం 5 వేల టన్నులు దాటుతుంది. ఈ రకం వ్యాగన్లు మొదట 20.32 టన్నుల యాక్సిల్ లోడుకు, అంటే ఒక్కో ఇరుసు మీద పడే బరువుకు, వచ్చాయి. 2000వ దశకం మధ్య నుంచి అదనపు లోడుకు అనుమతులిస్తూ పోయి 22.9 టన్నుల దాకా తెచ్చారు. 2024-25లో భారతీయ రైల్వేలు రవాణా చేసిన సరకు 161 కోట్ల టన్నులు పైమాటే. దేశానికి బొగ్గు, సిమెంటు, ఎరువులు, ధాన్యం అందుతున్నది ఈ బండ్ల వల్లనే కాబట్టి ఆ పెరుగుదలను నేనూ సంతోషంగానే చూస్తాను. కానీ ఆ ప్రతి టన్నూ ఏదో ఒక బేరింగు మీద, వ్యాగన్లను కలిపే ఏదో ఒక కప్లింగు మీద పడే భారమే. భారం పెరిగినప్పుడు పరీక్ష పెరగాలి గాని తగ్గకూడదు.

పరీక్ష అంటే ఏమిటో బయటివారికి తెలిసే అవకాశం లేదు గనుక కొంచెం వివరంగా రాస్తాను. బండి యార్డులోకి వస్తుండగానే పని మొదలవుతుంది. లైనుకు రెండు పక్కలా సిబ్బంది కూర్చుని, గంటకు 30 కిలోమీటర్లు దాటని వేగంతో తమను దాటిపోతున్న ఒక్కొక్క చక్రాన్నీ చూస్తారు, అంతకంటే ఎక్కువగా వింటారు. ఎక్కడైనా అరిగి చదునైన చక్రం తిరిగిన ప్రతిసారీ పట్టాను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. ఊడి వేలాడుతున్న బ్రేకు భాగం స్లీపర్లకు రాసుకుంటూ వేరే రకం చప్పుడు చేస్తుంది. బేరింగు వేడెక్కితే చప్పుడు కంటే ముందు గ్రీజు మాడిన వాసన వస్తుంది. బండి ఆగిన తరువాత, అది కదలడానికి వీల్లేదని తెలిపేలా రెండు చివరలా ఎర్ర జెండాలు, రాత్రయితే ఎర్ర దీపాలు పెట్టి, ఒక్కో వ్యాగన్ కిందకూ వంగి చూస్తారు. యాక్సిల్ బాక్సుకు ఉష్ణోగ్రత కొలిచే గన్ను పెడతారు. అది చేతికి రాని రోజుల్లో అరచెయ్యి వెనుక భాగం ఆనించి చూసేవాళ్లం. బ్రేకు పట్టేసి ఈడ్చుకొచ్చిన చక్రాన్ని గుర్తించడానికి మాత్రం ఏ పరికరమూ అక్కర్లేదు. దాని అంచు నీలం తిరిగి ఉంటుంది.

అన్నిటికంటే తేలికగా జారిపోయే లోపం ఒకటి ఉంది. పాత రకం వ్యాగన్ పక్కన ఒక చిన్న హ్యాండిల్ ఉంటుంది. వ్యాగన్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక వైపుకు, లోడుతో ఉన్నప్పుడు మరొక వైపుకు తిప్పాలి. లోడు నింపాక దాన్ని ఖాళీ స్థానంలోనే వదిలేస్తే 90 టన్నుల వ్యాగన్ మీద ఖాళీ వ్యాగన్‌కు సరిపోయే బ్రేకు మాత్రమే పడుతుంది. ఖాళీ వ్యాగన్‌కు లోడు స్థానంలో వదిలేస్తే చక్రం తిరగకుండా పట్టేసి, పట్టా మీద జారుతూ పోయి, చదునైపోతుంది. 58 వ్యాగన్ల పొడవునా, బండికి రెండు పక్కలా, రాళ్ల మీద నడిచి ఆ హ్యాండిళ్లన్నీ సరిచూసే మనిషికి సమయం ఇవ్వకపోతే ఆ లోపం కాగితం మీద కనబడదు, ఘాట్ దిగేటప్పుడే కనబడుతుంది. కొత్తవలస–కిరండోల్ లైనులో ఇనుప ఖనిజం నింపుకున్న బండ్లు అనంతగిరి కొండల మీదుగా విశాఖపట్నం వైపు దిగుతాయి. ప్రతి 60 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలు ఉండే ఆ దారిలో బ్రేకు పవర్ ఎంత ఉందన్నది ఇంజినులో కూర్చున్న ఇద్దరి ప్రాణాలకు సంబంధించిన లెక్క.

ఈ పరీక్ష అయ్యాక ఇచ్చే కాగితాన్ని బ్రేక్ పవర్ సర్టిఫికెట్ అంటారు. గమ్యం చేరేదాకా చెల్లేవి కొన్ని, 12 రోజులకు మరో మూడు రోజుల వెసులుబాటుతో చెల్లేవి కొన్ని ఉంటాయి. ఒకే వలయంలో తిరిగే రేకులలో (కలిసి నడిచే వ్యాగన్ల వరుసను మేము రేకు అంటాం) కొన్ని రకాలకు ఒకసారి క్షుణ్ణంగా పరీక్షిస్తే 7500 కిలోమీటర్లు లేదా 35 రోజుల దాకా మళ్లీ అంతటి పరీక్ష ఉండదు. నేను పాత పద్ధతులను పట్టుకుని వేలాడేవాడిని కాను. రోలర్ బేరింగులు, మెరుగైన బ్రేకులు, లోడును బట్టి తనంతట తాను సర్దుకునే పరికరాలు వచ్చాక వ్యవధి పెంచడంలో సాంకేతికంగా న్యాయం ఉందని ఒప్పుకుంటాను. నా అభ్యంతరం వేరే చోట ఉంది. వ్యవధి పెంచినప్పుడు, ఆ మధ్యకాలంలో దారిలో ఆ బండిని చూసే మిగిలిన కళ్లు ఉంటాయన్న నమ్మకం ఒకటి లోపల ఉండేది. ఆ కళ్లు ఇప్పుడు ఒక్కొక్కటిగా తగ్గిపోతున్నాయి.

ఆ కళ్లు ఎవరివంటే, ప్రతి స్టేషన్‌లోనూ ఆగకుండా వెళ్లే బండిని స్టేషన్ మాస్టరు ఒక పక్క నుంచి, పాయింట్స్‌మన్ మరొక పక్క నుంచి నిలబడి చూసి, అంతా సవ్యంగా ఉంటేనే జెండాతో గాని దీపంతో గాని ఆల్‌రైట్ సంకేతం ఇచ్చేవారు. లెవల్ క్రాసింగ్ గేటు దగ్గర గేట్‌మన్ కూడా అలాగే నిలబడి చూసేవాడు. పొగ కనిపించినా, ఏదైనా వేలాడుతున్నా ఎర్ర జెండా ఊపి ముందు స్టేషన్‌కు ఫోన్ చేసేవాడు. బండి చివర బ్రేక్ వ్యాన్‌లో గార్డు ఉండేవాడు. 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నది ఆయననే. ఇప్పుడు గేట్ల స్థానంలో వంతెనలు వస్తున్నాయి. రోడ్డున పోయే ప్రజలకు అది ఎంతో మేలు, ఆ మార్పును ఎవరూ కాదనరు. కానీ గేటుతో పాటు ఒక జత కళ్లు కూడా పోయాయని, వాటి బదులు ఇంకేదో ఏర్పాటు చేయాలని ఎవరూ అనుకోలేదు. స్టేషన్లలో ఒక్కో మనిషి మీద పని పెరిగి, సిగ్నళ్లు నడిపే ప్యానెల్ ముందు నుంచి లేచి బయటకు వచ్చి నిలబడే తీరిక లేకుండా పోయింది. కొన్ని గూడ్సులను బ్రేక్ వ్యాన్ లేకుండానే, వెనుక ఒక టెలిమెట్రీ పెట్టె తగిలించి నడుపుతున్నారు. గాలి ఒత్తిడి ఎంతుందో, చివరి వ్యాగన్ వస్తున్నదో లేదో ఆ పెట్టె చెబుతుంది. పొగ వాసన మాత్రం పట్టలేదు.

యంత్రాలు పెట్టాం గదా అని అధికారులు అంటారు. చక్రం పట్టా మీద వేసే దెబ్బను కొలిచేవి, బేరింగు వేడిని దూరం నుంచే పసిగట్టేవి వచ్చిన మాట నిజం, అవి ఇంకా ఎక్కువగా రావాలి కూడా. అయితే వాటి మీదే పూర్తిగా ఆధారపడితే ఏమవుతుందో అమెరికా చూసింది. 2023 ఫిబ్రవరి 3న ఒహాయో రాష్ట్రంలోని ఈస్ట్ పాలెస్టైన్ అనే చిన్న ఊళ్లో ఒక గూడ్సుకు చెందిన 38 వ్యాగన్లు పట్టాలు తప్పాయి. కారణం ఒకే ఒక్క బేరింగు. దారిలో వేడిని కొలిచే పరికరాలు మూడు దాన్ని చూశాయి. మొదటి దాని దగ్గర బేరింగు వేడి పరిసర ఉష్ణోగ్రత కన్నా 38 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఎక్కువ ఉంది. రెండో దాని దగ్గర 103 డిగ్రీలు ఎక్కువ. అప్పటికీ బండిని ఆపవలసిన స్థాయి అది కాదని ఆ రైలు సంస్థ నిబంధనలు చెప్పాయి. అక్కడి నుంచి దాదాపు 32 కిలోమీటర్ల దాకా మరో పరికరం లేదు. మూడోది చూసేసరికి 253 డిగ్రీలు ఎక్కువకు చేరింది. హెచ్చరిక ఇంజినుకు అందేసరికి కాలం మించిపోయింది. విషపూరితమైన వినైల్ క్లోరైడ్ ఉన్న ఐదు ట్యాంకర్లను మూడు రోజుల తరువాత కావాలనే తగలబెట్టారు. చుట్టుపక్కల జనం ఇళ్లు వదిలిపోవలసి వచ్చింది. తగలబెట్టవలసిన అవసరమే లేదని అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి 2024లో తేల్చింది. అక్కడి పరికరం ఏదీ చెడిపోలేదు, ప్రతి ఒక్కటీ తాను చెప్పవలసింది చెప్పింది. రెండు పరికరాల మధ్య ఉన్న దూరంలో ఆ బండిని చూసే మనిషి మాత్రం ఎవరూ లేరు.

ఇక లోపం దారి మధ్యలో బయటపడితే ఏమవుతుందో చూద్దాం. అర్ధరాత్రి, రెండు స్టేషన్ల నడుమ, ఒక వ్యాగన్‌కు బ్రేకు పట్టేసింది. దీన్ని మేము బ్రేక్ బైండింగ్ అంటాం. లోకో పైలట్ బండిని ఆపి, ఎదురుగా వచ్చే బండ్లకు హెచ్చరికగా ఫ్లాషర్ లైటు వేస్తాడు. అసిస్టెంట్ ఒక టార్చి పట్టుకుని దిగి, దాదాపు 700 మీటర్ల పొడవున్న బండి పక్కన, కాలి కింద జారే కంకర మీద నడుచుకుంటూ పోయి, పొగ వస్తున్న వ్యాగన్‌ను వెతకాలి. దొరికాక కిందకు వంగి గాలి వదలాలి. బ్రేకు వదలకపోతే ఆ వ్యాగన్‌ను బ్రేకు వ్యవస్థ నుంచి వేరు చెయ్యాలి. ఆ పనంతా కాలుతున్న చక్రానికి చెయ్యంత దూరంలో జరుగుతుంది. డబుల్ లైన్ అయితే వీపు వెనుక పక్క లైనులో గంటకు 110, 130 కిలోమీటర్ల వేగంతో ఎక్స్‌ప్రెస్‌లు పోతుంటాయి. బండి పక్క లైనుకు అడ్డం పడిన సందర్భమైతే మరీ ఘోరం. 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక డిటోనేటరు (చక్రం ఎక్కగానే పేలి హెచ్చరించేది), 1200 మీటర్ల దగ్గర మూడు డిటోనేటర్లు పెట్టి వచ్చే బండిని ఆపాలని నియమం చెబుతుంది. ముందు వైపు ఇంజిను సిబ్బంది, వెనుక వైపు గార్డు ఆ పని చేసేవారు. గార్డు లేని బండిలో వెనుక వైపు ఎవరు పరుగెత్తాలి? ఈ ప్రశ్నకు నాకు ఇప్పటిదాకా సంతృప్తికరమైన జవాబు దొరకలేదు.

బండ్లు పొడవవుతున్న కొద్దీ ఈ కష్టం పెరుగుతుంది. దక్షిణ మధ్య రైల్వే 2021 అక్టోబరులో మూడేసి గూడ్సులను కలిపి 177 వ్యాగన్ల చొప్పున ‘త్రిశూల్’, ‘గరుడ’ అనే బండ్లను నడిపింది. మొదటిది విజయవాడ డివిజన్‌లోని కొండపల్లి నుంచి ఖుర్దా వైపు, రెండోది రాయచూరు నుంచి మణుగూరుకు వెళ్లాయి. మరుసటి ఏడాది ఆగస్టు 15న ఆగ్నేయ మధ్య రైల్వే 295 వ్యాగన్లతో, మూడున్నర కిలోమీటర్ల ‘సూపర్ వాసుకి’ని నడిపింది. లైను సామర్థ్యాన్ని ఆదా చేసే ఈ ప్రయత్నం వెనుక ఎంతో ఇంజనీరింగ్ నైపుణ్యం ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను. కానీ అటువంటి బండిలో ఒక కప్లింగు నకిల్ విరిగి బండి రెండు ముక్కలైతే, ఒక్క మనిషి ఎత్తడానికే కష్టమైన ఆ ఉక్కు ముక్కను ఇంజిను దగ్గర నుంచి విరిగిన చోటికి చీకట్లో మోసుకుపోయేది ఎవరు? విడిపోయిన భాగాలను మళ్లీ కలిపేటప్పుడు ఆ రెండు కప్లింగుల మధ్యన నిలబడేది ఎవరు? ఈ బండ్ల విజయాన్ని చాటే ప్రకటనలలో ఆ మనిషి గురించిన మాట నాకు ఎక్కడా కనబడలేదు.

కప్లింగు దగ్గర పని ఎంత ప్రమాదకరమో 2024 నవంబరు 9న బీహార్‌లోని బరౌనీ జంక్షన్ దేశమంతటికీ చూపించింది. ఇంజినును బోగీ నుంచి విడదీస్తున్న ఒక పోర్టరు ఆ రెంటి మధ్య నలిగి చనిపోయాడు. అది ప్రయాణికుల రైలు, స్టేషన్ ప్లాట్‌ఫారం, పగటి పూట, కాబట్టి ఫోటో తీసినవారున్నారు, వార్త అయింది. యార్డులలో గూడ్సుల షంటింగ్, అంటే వ్యాగన్లను జరిపి కలపడం, విడదీయడం, రాత్రింబవళ్లు సాగుతుంది. అక్కడ ఫోటో తీసేవారు ఉండరు.

నిలిచి ఉన్న గూడ్సు కూడా ప్రమాదమే. 2024 ఫిబ్రవరి 25న జమ్మూ ప్రాంతంలోని కఠువాలో నిలిపి ఉంచిన 53 వ్యాగన్ల కంకర గూడ్సు, ఇంజినులో ఎవరూ లేకుండానే కదిలి, పంజాబ్‌లోని ఊంచీ బస్సీ దాకా దాదాపు 70 కిలోమీటర్లు దొర్లిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, అది కేవలం అదృష్టం. హ్యాండ్ బ్రేకులు వేయకుండానే బండిని వదిలి వెళ్లారని బయటపడి సిబ్బందిపై చర్యలు తీసుకున్నారు. చర్యలు తీసుకోవలసిందే. కానీ వాలు మీద ఆపిన బండికి సరిపడినన్ని హ్యాండ్ బ్రేకులు తిప్పడం, చక్రాల కింద చెక్కలు పెట్టడం అనేవి ఒక మనిషి కాళ్లతో, చేతులతో, సమయం తీసుకుని చెయ్యవలసిన పనులు. ఆ మనిషిని, ఆ సమయాన్ని ఇస్తున్నామా అన్న ప్రశ్న ఏ చర్యల ఉత్తర్వులోనూ ఉండదు. కెనడాలోని లాక్-మెగాంటిక్ పట్టణంలో 2013 జూలై 6న ఒకే ఒక్క డ్రైవరు నడిపిన ముడి చమురు గూడ్సు, సరిపడినన్ని హ్యాండ్ బ్రేకులు లేక, వాలు మీద నుంచి తనంతట తాను దొర్లి వచ్చి పట్టణం నడిబొడ్డున పేలిపోయి 47 మందిని పొట్టన పెట్టుకుంది. మన దగ్గర 2023 జూన్ 7న, బాలాసోర్ దుర్ఘటన జరిగిన వారం లోపే, ఒడిశాలోని జాజ్‌పూర్ కియోంఝర్ రోడ్ స్టేషన్ దగ్గర గాలివానకు తట్టుకోలేక ఇంజిను లేని గూడ్సు కిందకు చేరిన కాంట్రాక్టు కూలీల మీదుగా ఆ వ్యాగన్లు గాలి తోపుకు కదిలిపోయాయి. ఆరుగురు చనిపోయారు. తలదాచుకోవడానికి ఒక రేకుల షెడ్డు కూడా లేని చోట వాళ్లు పట్టాల పని చేస్తున్నారన్న సంగతి నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

ట్రాక్‌మన్ల విషయానికి వస్తాను. వ్యాగన్‌లో వదిలేసిన లోపం వాళ్ల మీదకు ఎలా చేరుతుందో చాలామందికి తెలియదు. గూడ్సు చక్రం మీద 60 మిల్లీమీటర్లకు మించిన చదును ఉండకూడదని నియమం. అంతకు మించినా గుర్తించకుండా వదిలేస్తే ఆ చక్రం వెళ్లినంత మేరా పట్టాను, వెల్డింగులను కొట్టుకుంటూ పోతుంది. చలికాలపు రాత్రి పట్టా కుంచించుకుని బిగుసుకున్నప్పుడు ఆ దెబ్బ తిన్న వెల్డింగు విరుగుతుంది. ఆ విరుపును వెతకడానికి టార్చి, డిటోనేటర్లు, జెండాలు మోసుకుంటూ మంచులో కిలోమీటర్ల కొద్దీ నడిచేవాడు పెట్రోల్‌మన్. తెల్లవారాక దాన్ని సరిచేసేది ట్రాక్‌మన్ల బృందం, అంటే గ్యాంగు. వాళ్లు వంగి పనిచేస్తుంటే ఒక లైనులో బండి వస్తుంది, లేచి పక్క లైనులోకి తప్పుకుంటారు, సరిగ్గా అదే సమయానికి ఆ లైనులో ఇంకో బండి వస్తుంది. మొదటి బండి చప్పుడులో రెండోది వినపడదు. కరెంటు ఇంజిన్లు వచ్చాక పట్టా మీద వచ్చే బండి శబ్దం ఇంకా తగ్గింది. బండి దగ్గరకొస్తున్నదని ముందే హెచ్చరించే ‘రక్షక్’ పరికరాలు కొన్ని సెక్షన్లలో ఉన్నాయి. అవి కొన్ని చోట్లకే పరిమితం కావలసిన కారణం నాకు కనబడదు.

ఈ మరణాలు ఎన్ని? 2011లో అనిల్ కకోద్కర్ అధ్యక్షతన ఏర్పడిన ఉన్నతస్థాయి భద్రతా సమీక్ష సంఘం తన 2012 నివేదికలో, అంతకు ముందు సుమారు నాలుగేళ్ల కాలంలో విధి నిర్వహణలో ఉన్న దాదాపు 1600 మంది రైల్వే ఉద్యోగులు చనిపోయారని, 8700 మంది గాయపడ్డారని రాసింది. మన దేశంలో ఏ ఒక్క రైలు ప్రమాదంలోనూ ఇందరు పోలేదు. ఒక్కొక్కరుగా, ఒక్కో కిలోమీటరు రాయి దగ్గర పోవడం వల్ల అది వార్త కాలేదు, అంతే. ఆ నివేదిక చెప్పిన దాంట్లో ఆధునీకరణకు ఐదేళ్లలో లక్ష కోట్లు కావాలన్న మాట గుర్తుండిపోయింది. 2017-18 నుంచి రాష్ట్రీయ రైల్ సంరక్ష కోశ్ పేరిట నిధి కూడా ఏర్పాటైంది. ఆ నిధిలో కొంత కాళ్లు ఒత్తే యంత్రాలకు, పింగాణీ సామానుకు ఖర్చయిందని కాగ్ తన 2022 నివేదికలో బయటపెట్టింది. 2017-18 నుంచి 2020-21 దాకా జరిగిన 217 పెద్ద ప్రమాదాలలో 163 పట్టాలు తప్పినవేనని చెప్పిన నివేదిక కూడా అదే. భద్రత పేరున ఇచ్చిన ప్రతి రూపాయి వెనుక ఒక గ్యాంగు ఉందన్న స్పృహ ఉన్నవారెవరూ ఆ నిధిని అలా ఖర్చు చెయ్యరు.

ప్రమాదం జరిగాక తప్పు ఎవరి మీద పడుతుందన్నది కూడా ఇందులో భాగమే. 2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్‌లోని రంగాపాని దగ్గర ఒక గూడ్సు వెనుక నుంచి వచ్చి కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొట్టింది. గూడ్సు లోకో పైలట్ చనిపోయాడు. చనిపోయినవారిలో ఎక్స్‌ప్రెస్ గార్డు కూడా ఉన్నారు. అదే రోజు, ఏ విచారణా మొదలు కాకముందే, గూడ్సు సిగ్నల్‌ను లెక్కచేయలేదన్న మాట పైస్థాయి నుంచి వెలువడింది. ఆ ఉదయం నుంచి అక్కడ ఆటోమేటిక్ సిగ్నల్ వ్యవస్థ చెడిపోయి ఉందని, సిగ్నళ్లు దాటడానికి అతనికి స్టేషన్ నుంచి కాగితం ఇచ్చారని తరువాత తెలిసింది. రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో అటువంటి పరిస్థితుల్లో ఎలా నడపాలన్న శిక్షణ లోపాలు, ఇచ్చిన అనుమతి పత్రంలోని లోపాలు బయటపడ్డాయి. చనిపోయినవాడు తన పక్షాన మాట్లాడలేడు. అతని ఇంటివాళ్లు మాత్రం ఆ మొదటి రోజు మాటను టీవీలో విన్నారు.

‘కవచ్’ వస్తే ఇవన్నీ తీరిపోతాయని నమ్మేవారు ఉన్నారు. దక్షిణ మధ్య రైల్వే పరిధిలోనే అది మొదట రూపుదిద్దుకుని, 1465 రూట్ కిలోమీటర్ల మేర అమలైనందుకు తెలుగువాడిగా నాకూ సంతోషమే. సిగ్నల్ దాటడాన్ని, రెండు రైళ్లు ఢీకొనడాన్ని అది ఆపుతుంది. వేడెక్కిన బేరింగును, ఊడిన బ్రేకు బీమును, తిప్పని హ్యాండ్ బ్రేకును అది చూడదు, ఎందుకంటే దాన్ని అందుకోసం తయారు చేయలేదు.

రైల్వే చట్టం ప్రకారం ప్రయాణికుల రైలుకు ప్రమాదం జరిగి ప్రాణాలు పోతే పౌర విమానయాన శాఖ కింద పనిచేసే రైల్వే భద్రతా కమిషనర్, అంటే రైల్వేకు బయటివారు, విచారణ జరుపుతారు. విధిలో ఉన్న ట్రాక్‌మన్‌ను బండి గుద్దినా, యార్డులో పాయింట్స్‌మన్ నలిగిపోయినా మామూలుగా అదే శాఖలోని అధికారులు విచారణ చేసి ఫైలు మూసేస్తారు. ఉద్యోగి మరణించిన ప్రతి ఘటననూ కమిషనర్ విచారణ పరిధిలోకి తేవాలని, ఆ నివేదికను జోన్ వెబ్‌సైటులో ప్రజలందరికీ అందుబాటులో ఉంచాలని నేను కోరుతున్నాను. గూడ్సుకు పెద్ద వైఫల్యం జరిగిన ప్రతిసారీ ఆ రేకు చివరి పరీక్ష ఏ తేదీన, ఏ యార్డులో, ఎంతమందితో, ఎంత సమయంలో జరిగిందో అందులో ఉండాలి. గేటు తీసేసిన చోట, స్టేషన్ సిబ్బంది తగ్గించిన చోట, తగినంత దగ్గర దూరంలో వేడిని కొలిచే పరికరం పెట్టేదాకా పరీక్షల వ్యవధిని ఇంకా పెంచకూడదు. బ్రేక్ వ్యాన్ లేకుండా నడిపే బండ్లలో రెండో వైపు రక్షణ బాధ్యత ఎవరిదో, దానికి మనిషి ఎక్కడి నుంచి వస్తాడో రాతపూర్వకంగా తేల్చాలి. కాంట్రాక్టు కూలీలతో సహా, పట్టాల మీద పనిచేసే ప్రతి గ్యాంగుకూ ‘రక్షక్’ వంటి పరికరం, ఎండకూ వానకూ నిలబడడానికి ఒక నీడ ఉండాలి.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ఇకపై మన రెండు రాష్ట్రాలలో ఎక్కడ గూడ్సు పట్టాలు తప్పినా, రద్దయిన రైళ్ల జాబితా పక్కన ఆ రేకు బ్రేక్ పవర్ సర్టిఫికెట్ ఎక్కడ, ఎప్పుడు ఇచ్చారో మీ విలేఖరి డివిజనల్ కార్యాలయాన్ని అడిగి ప్రచురించాలి. ‘పట్టాలపై రైల్వే ఉద్యోగి మృతి’ అని లోపలి పేజీలో నాలుగు వరుసలు వేసినప్పుడు, ఆ సమయంలో అక్కడ లైన్ బ్లాక్ (పని కోసం ఆ లైనులో రైళ్లను ఆపడం) ఉందా లేదా, ఆ గ్యాంగు చేతిలో హెచ్చరించే పరికరం ఉందా లేదా అన్న రెండు సంగతులు ఆ నాలుగు వరుసలలో ఉండేలా చూడాలి.

ఇట్లు,
భవదీయుడు,
క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగ విశ్రాంత ఉద్యోగి,
కాజీపేట